ముందు తల్లిని చూపియ్యి

సారయ్యకు సిగరెట్టు లేదు, కల్లు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ప్రాణమున్నది ఏదైనా సరే, ఇంటి గడప దాటి లోపలికి రావాలంటే ముందు దాని తల్లిని ఆయన చూడాలి. తల్లిని చూడకుండా దూడను కొనడు, కోడిపిల్లను కొనడు, మామిడి మొక్కను కొనడు. ఇంకొకరిని కొననివ్వడు కూడా. అసలు చిక్కంతా అక్కడే.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంతో పాటు అంటుకుంది. కొండపాక పశువుల దవాఖానాలో ముప్పై రెండేళ్లు కాంపౌండరుగా పనిచేశాడు. అంగడిలో రైతులు దూడ తోకా, చెవులూ చూసి మురిసిపోతుంటే ఈయన వెనక నిలబడి "తల్లి యాడుంది?" అని అడిగేవాడు. తల్లి పొదుగు, తల్లి పళ్లు, తల్లి నడక, తల్లి కోపం చూస్తే దూడ జాతకం చెప్పేయొచ్చని ఆయన నమ్మకం. ఆ ఒక్క ప్రశ్నతో ఎన్ని బేరాలు చెడిపోయాయో లెక్కలేదు. అంగడి రోజున ఆయన సైకిలు కనబడితే చాలు, దళారులు చాయ్ తాగించి సాగనంపాలని చూసేవారు. ఆయన చాయ్ తాగి, మూతి తుడుచుకుని, తిరిగొచ్చి మళ్లీ అదే ప్రశ్న అడిగేవాడు.

పశువుల మధ్య ఉన్నంతకాలం బాగానే నడిచింది. ఉద్యోగం అయిపోయి, సిద్దిపేటలో కొడుకు నరహరి ఇంట్లో కాలుమీద కాలేసుకుని కూర్చునేసరికి అంగడి ఇంట్లోకి వచ్చింది.

కోడలు రమ్యకు ఈ సంగతి పెళ్లిచూపుల నాడే తెలిసింది. నంగునూరులో వాళ్లమ్మ అనసూర్య తన కుట్టుమిషను పక్కనే చాపవేసి అందర్నీ కూర్చోబెట్టింది. నరహరి రమ్యను చూశాడు, రమ్య నరహరిని చూసింది. సారయ్య మాత్రం ఇద్దర్నీ చూడలేదు. గంటసేపు అనసూర్యనే ప్రశ్నలడిగాడు.

"చెల్లె, మోకాళ్లు నొస్తయా?"

"నొయ్యయన్నా."

"పండ్లన్ని సొంతయేనా?"

"ఒకటి పోయింది."

"కోపమొస్తె ఏం జేస్తవ్?"

"మిషన్ జోరుగ తొక్కుత."

సారయ్య కొడుకు వైపు తిరిగి "ఇగ ఖాయం జేస్కో" అన్నాడు. అప్పటికాయన రమ్య పేరైనా అడగలేదు. ఆ రోజు రమ్యకు నవ్వొచ్చింది. కోపం పెళ్లయ్యాక వచ్చింది.

పెరట్లో ఒక మామిడి మొక్క పెడదామని ఆమె గుంత తవ్వించి, మామను నర్సరీకి తీసుకెళ్లింది. నర్సరీ మల్లమ్మ మంచి మొక్క ఒకటి ఏరి చేతికిచ్చింది.

"తల్లి చెట్టు యాడుంది?" అన్నాడు సారయ్య.

"గదెక్కడో ఆంధ్రల ఉంటది సారు. లారీల వస్తయి."

"దాని కాయ తిని సూసినవా?"

"నేనెందుకు తింట?"

"మరి నేనెందుకు కొంట?"

రెండేళ్లయింది, గుంత గుంతలాగే ఉంది. అందులో ఎవరో ఒకరు పడుతూనే ఉన్నారు. మొట్టమొదట పడ్డది సారయ్యే.

పెరుగులోనూ ప్రాణముంటుందని ఆయన వాదన. ఆయన భార్య పోచవ్వ ఓసారి పక్కింటి నుంచి తోడుకని చెంచాడు పెరుగు తెస్తే, "దీని తల్లి ఎవలింట్ల ఉన్నది?" అని చెప్పులేసుకోబోయాడు. "నా నెత్తి మీదున్నది, రా సూద్దువు" అంది పోచవ్వ. ఆ పూటకు ఆయన చెప్పులు విప్పేశాడు.

ఇలాంటి ఇంట్లోకి రమ్య ఒక కుక్కపిల్లను తేవాలనుకుంది.

ఆమె పనిచేసేది ఐటీ టవర్‌లో. పక్క సీటు ప్రసూన ఒకరోజు ఫోన్‌లో రీలు చూపించింది. రంగనాయక సాగర్ కట్ట మీద ఎవరో అమ్మాయి నడుస్తోంది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి నిమ్మకాయంత తల ఒకటి బయటికి చూస్తోంది. టీకప్ పామరేనియన్ అట. ఎంత వయసొచ్చినా చాయ్ కప్పులోనే పడుతుందట. రమ్య ఆ రీలును నలభైసార్లు చూసింది. వారం తిరక్కుండానే హైదరాబాదు శివార్లలో శైలేందర్ అనే అమ్మకందారును వెతికి పట్టుకుంది, అతను పంపిన ఫొటోలోని పిల్లకు లడ్డు అని పేరు పెట్టింది, దానికొక ఊలు స్వెటరు కూడా కొంది. అది ఏప్రిల్ నెల. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

వినేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది గానీ రమ్యకు అది చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో కర్టెన్ల రంగు అత్త ఎంచుకుంది, టీవీ నరహరి ఎంచుకున్నాడు, పెరట్లో గుంత అలాగే ఉండాలని మామ ఎంచుకున్నాడు. మూడేళ్లలో రమ్య తనకోసమని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఇది కూడా రాకపోతే తానింకా ఈ ఇంటికి చుట్టాన్నే అనుకుంది.

నరహరి వెంటనే ఒప్పుకున్నాడు. "వంటింట్లకు మాత్రం రావద్దు" అని పోచవ్వ ఒప్పుకుంది. సారయ్య మిగిలాడు.

"మామయ్యా, ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చుకుంట."

"మంచిగ తెచ్చుకో బిడ్డా."

రమ్య నమ్మలేదు. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది.

"తల్లి యాడుంది?" అన్నాడు సారయ్య.

శైలేందర్‌కు ఫోన్ కలిపి ఇవ్వక తప్పలేదు.

"తమ్మీ, నేను రమ్య మామను. జర తల్లిని సూపియ్యి."

"మదర్ ఇంపోర్టెడ్ అంకుల్."

"ఇంపోర్టెడ్ అయితే కండ్లకు కనబడదా?"

"చాంపియన్ బ్లడ్ అంకుల్. సర్టిఫికెట్ కూడ ఉన్నది."

"సర్టిఫికెట్ పాలిస్తదా?"

శైలేందర్ ఆ సాయంత్రానికి ఒక వీడియో పంపాడు. పచ్చగడ్డి మీద తెల్లటి కుక్క ఒకటి హుందాగా నడుస్తోంది. సారయ్య కళ్లద్దాలు తుడుచుకుని పద్నాలుగుసార్లు చూశాడు. పదిహేనోసారి కోడల్ని పిలిచాడు.

"బిడ్డా, గీడ ఆపు. మంచిగ సూడు. ఈ తల్లి కాలు లేపి పూలకుండీల పోస్తున్నది."

రమ్య చూసింది. నిజమే. మళ్లీ ఫోన్ చేస్తే శైలేందర్ ఏమాత్రం తడబడలేదు. "సారీ అంకుల్, ఫాదర్ వీడియో వచ్చినట్టున్నది" అన్నాడు.

"తండ్రి మంచిగనే ఉన్నడు. తల్లికేమైంది?"

ఫోన్ కట్టయింది.

"మనం అంగడికి పోతలేం మామయ్యా. గిట్ల అడిగితె ఆయన వేరేటోళ్లకు అమ్ముకుంటడు" అని రమ్య మొత్తుకుంది. "అడగను తియ్యి. ఐతారం పోయి సూసొద్దాం. నేను ఊకెనే కూసుంట" అన్నాడు సారయ్య. ముప్పై రెండేళ్లలో ఆయన ఎక్కడా ఊకె కూర్చున్న దాఖలా లేదని నరహరికి తెలుసు. అయినా కారు తీశాడు.

శైలేందర్ ఇల్లు అద్దంలా ఉంది. చల్లటి గది, తెల్ల సోఫా, గోడ నిండా పతకాలు. అతను పింగాణీ కప్పును సాసరుతో సహా పట్టుకొచ్చి రమ్య ముందు పెట్టాడు. కప్పులో లడ్డు. గుప్పెడు తెల్ల బొచ్చు, మిరియాల్లాంటి రెండు కళ్లు. రమ్య కప్పును రెండు చేతులతో దగ్గరికి జరుపుకుంది.

సారయ్య కప్పు వంక చూసి, "తమ్మీ, మరి మాకు చాయ్ దేంట్ల పోస్తవ్?" అన్నాడు.

"బాపూ!" అన్నాడు నరహరి.

"అడగొద్దా? సరే. పుట్టి ఎన్నొద్దులైంది?"

"డెబ్బై రోజులు అంకుల్. ఇంతకన్న పెరగది."

సారయ్య చిటికెన వేలితో పిల్ల పెదవి పైకెత్తాడు. చిగుళ్లలోంచి పళ్లు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. "ముప్పై ఒద్దులు. పెరగనిది కాదు తమ్మీ, ఇంకా పెరగంది. తల్లిని పిలువు."

శైలేందర్ ఈసారి సిద్ధంగానే ఉన్నాడు. లోపలి నుంచి రిబ్బను కట్టిన బుల్లి కుక్కనొకదాన్ని తెచ్చి సోఫా ముందు దించాడు. సారయ్య వంగి చూసి, "ఇది ఆడదే" అని ఒప్పుకున్నాడు. రమ్య గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అంగడిలో ఒక పాత మోసం ఉంది. వట్టిపోయిన బర్రె పక్కన ఎవరి దూడనో కట్టేసి, మొన్ననే ఈనిందని చెప్పి అమ్ముతారు. దానికి సారయ్య చేసే పని ఒక్కటే. దూడ పలుపు విప్పేస్తాడు. అది ఎటు పోతే అటే తల్లి.

"పిల్లను కింద ఇడువు తమ్మీ" అన్నాడు.

కప్పులోంచి దింపిన లడ్డు నున్నటి నేల మీద నాలుగు దిక్కులా నాలుగు కాళ్లు జారుతూ నిలబడింది. రిబ్బను కుక్క ఒకసారి వాసన చూసి, సోఫా ఎక్కి పడుకుంది. లడ్డు దాని వైపు కన్నెత్తి చూడలేదు. పొట్ట ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ గది దాటి, వెనక తలుపు దగ్గరికి పోయి కుయ్‌మంది. తలుపు అవతలి నుంచి బొంగురు గొంతు ఒకటి బదులు పలికింది.

"అంకుల్, అటు వద్దు, అటు క్లీనింగ్ అవుతున్నది" అని శైలేందర్ లేచేలోపు సారయ్య గడియ తీసేశాడు.

వెనక రేకుల షెడ్డు. ఒకదాని మీద ఒకటి ఇనుప బోన్లు. పైన ఎండ, కింద కంపు. చివరి బోనులో జడలు కట్టిన బొచ్చుతో ఒక కుక్క. రంగు తెలుపో బూడిదో చెప్పలేం. తీగల మీద నిలబడీ నిలబడీ పాదాలు వాచిపోయాయి. నోట్లో పళ్లు సగం లేవు. చాయ్ కప్పులో కాదు, వంటింటి బకెట్టులో కూడా పట్టదు. సారయ్య బోను తెరిచి లడ్డును లోపల పెట్టగానే అది ఆ కుక్క కడుపు కింద దూరి మాయమైంది. ఆ కుక్క ఎవరి మీదా మొరగలేదు. పిల్లను నాకుతూ కూర్చుంది.

తాను రోజుల తరబడి ఫోన్‌లో ముద్దు పెట్టుకున్న ఫొటోకు వెనక ఇలాంటిది ఒకటి ఉంటుందని రమ్యకు ఒక్కనాడూ తోచలేదు. చాలా సిగ్గుపడింది.

"కప్పుల పట్టే జాతి అనేది వేరే లేదు బిడ్డా" అన్నాడు సారయ్య. "అన్నిట్ల బక్కదాన్ని ఏరి ఇంకో బక్కదానితోని కలుపుతరు. పాలు మరువకముందే గుంజుకొస్తరు. కడుపుకు తక్కువ పెడతరు. బొక్కలు పుల్లలెక్క ఉంటయి, సోఫా మీదికెల్లి దుంకితె ఇరుగుతయి. ఒక్క పూట తినకుంటె కండ్లు తేలేస్తయి."

"అయితె మనమే తీస్కపోదాం మామయ్యా! గీడ ఎట్ల ఇడిసిపెడతం?"

"కొనొద్దు. మనం కొంటె ఈ తల్లిని మల్లోసారి ఈనిపిస్తడు. అది బతకది."

"అయితె లడ్డును గీడ్నే చావమంటరా? మీకసలు మనసున్నదా మామయ్యా? ఎప్పుడు సూసినా తల్లి, తల్లి, తల్లి! నేను అడిగింది మీకు ఒక్కనాడన్న వినబడ్డదా?"

ఆమె మామ మీద గొంతెత్తడం అదే మొదటిసారి. సారయ్య నొచ్చుకున్నాడో లేదో మొహంలో తెలియలేదు. "నువ్వు పోయి కార్ల కూసో బిడ్డా" అన్నాడు. తాను మాత్రం లోపలే ఉండిపోయాడు. నరహరి నాలుగుసార్లు హారన్ కొట్టాక, ముప్పావుగంటకు, మోకాళ్లనిండా దుమ్ముతో ఖాళీ చేతులూపుకుంటూ వచ్చాడు. రమ్య సిద్దిపేట వచ్చేదాకా కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు రాత్రి పోచవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని, "గాయిన మీద కోపముంటె ఆయన కూరల ఉప్పెక్కువెయ్యి బిడ్డా. నా కూరల ఎందుకేస్తవ్?" అంది. ఆ మాటకు రమ్య నవ్వాపుకోవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి నంగునూరు బస్సెక్కింది. అలిగి పుట్టింటికి పోయేవాళ్లు ఎవరికీ చెప్పి పోకూడదు. అయినా అత్త కంగారుపడుతుందని పోచవ్వకు చెప్పింది, భర్త వెతుకుతాడని నరహరికి మెసేజి పెట్టింది. సారయ్యకు మాత్రం చెప్పలేదు. ఉదయాన్నే ఆయన ఇంట్లో లేడు కూడా. గురువారం గురువారం సాయిబాబా గుడికి పోవడం ఆయనకు అలవాటు.

తీరా చూస్తే పుట్టింటి గుమ్మం ముందు సారయ్య టీవీఎస్ బండి నిలబెట్టి ఉంది.

లోపల ఆయన చాప మీద కూర్చుని, గిన్నెకు తట్టి కాల్చిన సర్వపిండి తింటున్నాడు. కుట్టుమిషను పక్కన వెదురు గంప. గంపనిండా జాకెట్టు ముక్కలు, వాటి మధ్య బొచ్చు కత్తిరించి, స్నానం చేయించి, పాదాలకు పసుపు పూసిన ఒక కుక్క. దాని కడుపు దగ్గర లడ్డు.

"ఒచ్చినవా బిడ్డా? చెప్పులు గాడ్నే ఇడువు. సప్పుడు జెయ్యకు, బాలింత పండుకున్నది" అన్నాడు సారయ్య.

రమ్య చెప్పులు విప్పి గంప పక్కన కూర్చుంది. సంగతంతా అనసూర్య చెప్పింది, సారయ్యకు పిండి నమలడమే సరిపోయింది గనుక. ఆ ఆదివారం ముప్పావుగంట ఆయన తల్లికుక్కకు కట్టుకట్టి, శైలేందర్‌కు లెక్చరిచ్చాడు. ఇంకో కాన్పయితే ఇది చస్తుంది, ఇది చస్తే నేనూరుకోను, పశువుల డిపార్ట్‌మెంటులో నా దోస్తులు ఇంకా బతికే ఉన్నారు అని ఒక్కొక్కటే వివరంగా చెప్పాడు. సోమవారం ఆ దోస్తుల్నే ఇద్దరిని వెంటబెట్టుకుని పోయాడు. వాళ్లు మిగిలిన బోన్ల సంగతి చూస్తుంటే, ఈయన తల్లినీ పిల్లనూ గంపలో పెట్టుకుని బస్సెక్కాడు.

"కండక్టర్ గంపల ఏందని అడిగిండట" అంది అనసూర్య. "ఈయన బాలింత అన్నడట. బస్సుల ఆడోళ్లంత లేసి సీటిచ్చిన్రట. గుడ్డ తీసి సూసినంక తిట్టిన్రట."

"మనింటికి ఎందుకు తేలే మామయ్యా?" అంది రమ్య.

"పిల్ల బతుకుతదో లేదో నాకే తెల్వది. నీ చేతుల పెట్టినంక ఏమన్నయితె నువ్వు తట్టుకోవు. ఇంకో నెలదాక తల్లి పాలు తాగి, గట్టిపడ్డంక ఇద్దామనుకున్న. చెప్తె నువ్వు ఆగుతవా?"

"ఆగకపోదును" అని రమ్య నిజం ఒప్పుకుంది. "మరి మా అమ్మ దగ్గర ఉంచాలని ఎట్ల తోచింది మీకు?"

"తోచుడేంది? ఎట్లాగు బేస్తారం బేస్తారం రావట్టిరి" అంది అనసూర్య. అనేసి నాలుక్కరుచుకుంది.

రమ్య తల్లి వంక చూసింది, మామ వంక చూసింది, పళ్లెంలోని సర్వపిండి వంక చూసింది. ప్రతి గురువారం గుడి ప్రసాదమని మామయ్య ఇంటికి తెచ్చేది సరిగ్గా ఇదే. ఏ సాయిబాబా గుళ్లో సర్వపిండి పంచుతారని మూడేళ్లలో ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"నీ పెండ్లయిన రెండో వారం సంది వస్తుండు" అంది అనసూర్య, ఇక దాచి లాభం లేదని. "అరగంట కూసుంటడు. బీపీ గోలీలు తెస్తడు. నోరు తెర్వమని పండ్లు సూస్తడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నాకెందుకన్నా ఇదంత, నేనేమన్న మంచం పట్టిన్నా అంటె వినడు."

సారయ్య పళ్లెం కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. దొరికిపోయిన మనిషి మొహం ఆయనది.

"అంగడిల దూడను తోల్కపోయినంక తల్లి మూడు నాలుగొద్దులు అరుస్తది బిడ్డా. నేను మల్లా పోయి సూసొస్తుంటి. గంత దాణా పెట్టి, కొంచెంసేపు పక్కన నిలబడుతుంటి. మనుషులు గట్ల అరవరు. గందుకే వీళ్ల దగ్గరికి ఎక్కువ రోజులు పోవాలె."

రమ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవడం ఇష్టం లేక, "అంటె నేను దూడనా మామయ్యా?" అంది.

"మంచి దూడవు. రోషమే జర ఎక్కువ."

"గది తల్లి గుణం" అంది అనసూర్య, మిషను తొక్కుతూ. ఎందుకో చాలా జోరుగా తొక్కుతోంది.

లడ్డు నెలన్నర తర్వాత సిద్దిపేట వచ్చింది, తల్లికుక్క అనసూర్య దగ్గరే ఉండిపోయింది. కడుపునిండా తిండి పడేసరికి లడ్డు ఆగకుండా పెరిగింది. ఇప్పుడది సోఫాలో ఒక సీటు పూర్తిగా ఆక్రమిస్తుంది, పోచవ్వ వెనకాలే వంటింట్లోకి పోతుంది. ప్రసూన ఇంటికొచ్చి చూసి "ఇది టీకప్ కాదు కదనే" అని జాలిపడితే, "కాదు, నేను ఏరుకున్నది ఇదే" అని రమ్య గట్టిగా చెప్పింది. ఆ మాట హాల్లో పేపరు చదువుకుంటున్న సారయ్యకు కూడా వినబడింది. ఆయన పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.

ఇప్పుడు ప్రతి గురువారం రమ్యకు ఆఫీసు ఇంటి నుంచే. పని తొందరగా ముగించుకుని టీవీఎస్ మీద వెనక కూర్చుంటుంది. ముందు సారయ్య కాళ్ల మధ్య లడ్డు నిలబడి చెవులు గాలికి వదిలేస్తుంది. నంగునూరు చేరాక తల్లికుక్క, లడ్డు తన గిన్నెలో మూతి పెట్టిందని గుర్రుమంటుంది. అనసూర్య, ఒక్కదాని చాయ్‌కు ముగ్గురొచ్చి పడ్డారని, వారం వారం పని చెడగొడుతున్నారని గుర్రుమంటుంది. అయితే బయలుదేరేటప్పుడు ఇద్దరు తల్లులూ గుమ్మం దిగి వీధిలోకి వచ్చి నిలబడతారు, మలుపు తిరిగేదాకా కదలరు.

ఆ మలుపు దాకా సారయ్య బండిని నడిచిపోయేవాళ్లకన్నా మెల్లగా నడుపుతాడు.

"జర జోరుగ పోవచ్చు గద మామయ్యా?" అంది రమ్య ఒకసారి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే.

"ఏం జెయ్యాలె బిడ్డా, బండి పాతగైంది. గుంజుతలేదు."

రమ్య మళ్లీ వెనక్కి తిరిగింది. ఆ బండి మొన్న దసరాకు షోరూంలో కొన్నది, పూజకు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టింది ఆమే.